మార్కెట్ డల్‌గా ఉంది కదా.. ఇప్పుడు ఫ్లాట్ కొనొచ్చా? వీకెండ్ కోసం ఫామ్ ప్లాట్ తీసుకోవచ్చా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

హైదరాబాద్: శనివారం పొద్దున్నే ఫోన్ మోగుతుంది. "సార్, సైట్ విజిట్‌కి ఫ్రీ క్యాబ్ పంపిస్తాం. లంచ్ కూడా మాదే. ఈ వారంలో బుక్ చేస్తే గజానికి వెయ్యి తగ్గిస్తాం." ఇలాంటి కాల్ రాని వాళ్లు సిటీలో ఎవరైనా ఉన్నారా? మార్కెట్ ఊపులో ఉన్నప్పుడు ఇదే ఆఫీసుకు మనం ఫోన్ చేస్తే "మేడం మీటింగ్‌లో ఉన్నారు" అనేవాళ్లు. ఇప్పుడు వాళ్లే మూడుసార్లు ఫోన్ చేస్తున్నారంటే కొనేవాళ్లు తగ్గారని అర్థం.

మరి ఇది కొనడానికి మంచి టైమేనా? మా డెస్క్‌కి కామెంట్లలో, వాట్సాప్‌లో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. సూటిగా చెప్పాలంటే, ఉండటానికి ఇల్లు కావాలి, చేతిలో కొంత సొంత డబ్బు ఉంది అంటే డల్ మార్కెట్ మీకు కలిసొస్తుంది. అయితే ఆ లాభం రేటు తగ్గడం వల్ల వచ్చేది మాత్రమే కాదు. మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేరు, అసలు లాభం అదే. కాగితాలు చూసుకోవడానికి నెల అడిగినా అమ్మేవాడు ఆగుతాడు. బూమ్‌లో ఆ నెల దొరకదు.

సెలవుల్లో వెళ్లడానికి రెండో ఇల్లు, ఫామ్ ప్లాట్, కొండ మీద కాటేజీ అంటే మాత్రం కథ వేరు. దాని గురించి కింద వివరంగా ఉంది. ఒకవేళ మీరు అందుకే ఈ పేజీ తెరిచి ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి, ఏం అనుకోం.

నిజంగా డల్లేనా? రాత్రి 8 గంటలకు వెళ్లండి

'మార్కెట్ పడిపోయింది' అనే వీడియో, 'ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేరు' అనే వీడియో మీ ఫోన్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ పక్కన పెట్టండి. మీరు కొనాలనుకుంటున్న ఏరియాలో పరిస్థితి ఏంటన్నదే మీకు ముఖ్యం. కోకాపేటలో ఖాళీ టవర్లు ఉన్నంత మాత్రాన ఉప్పల్‌లో రేటు తగ్గుతుందని లేదు.

తెలుసుకోవడానికి ఒక చిన్న పని చేయండి. ఏడాది కిందట హ్యాండోవర్ అయిన అపార్ట్‌మెంట్ ముందు రాత్రి 8 గంటలకు నిలబడి వెలుగుతున్న లైట్లు లెక్కపెట్టండి. వంద ఫ్లాట్లలో ముప్ఫై ఇళ్లలోనే లైట్ ఉందంటే మిగతావి చాలావరకు ఇన్వెస్టర్ల చేతుల్లోనో, బిల్డర్ చేతిలోనో ఉన్నట్టే. అంటే మీతో బేరం ఆడటానికి అమ్మేవాళ్లు ఒక్కరు కాదు, చాలామంది ఉన్నారు. తర్వాత వాచ్‌మన్‌తో ఓ పది నిమిషాలు మాట్లాడండి. ఎవరు అమ్మకానికి పెట్టారు, ఎన్ని నెలలుగా పెట్టారు, నీళ్ల ట్యాంకర్లు రోజుకి ఎన్ని వస్తున్నాయి.. బ్రోచర్‌లో లేనివన్నీ ఆయన దగ్గర దొరుకుతాయి.

ఇంకో లెక్క అద్దె. 80 లక్షల ఫ్లాట్‌కి నెలకి 20 వేలు అద్దె వస్తుంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు. పెట్టిన డబ్బు మీద 3 శాతం అన్నమాట. బ్యాంకు లోన్ వడ్డీ దానికి రెండింతల పైనే ఉంటుంది. అందుకే "అద్దెతోనే ఈఎంఐ కట్టేయొచ్చు" అని ఎవరైనా చెబితే కాలిక్యులేటర్ తీయండి, చాలు.

80 లక్షల ఫ్లాట్‌కి అసలు ఎంత కావాలి?

రేటు 80 లక్షలు, లోన్ 60 లక్షలు అనుకుందాం. చేతి నుంచి పెట్టేది 20 లక్షలే కదా అనిపిస్తుంది. కాదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. 2021 జులైలో 6 శాతం నుంచి ఇక్కడికి పెంచారు. ఏపీలో కూడా అన్నీ కలిపితే అంతే. డాక్యుమెంట్‌లో 80 లక్షలు చూపిస్తే 6 లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ, అది 4 లక్షలు. అంటే కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గృహప్రవేశం భోజనాలు లెక్కేయకుండానే 30 లక్షలు మీ దగ్గర ఉండాలి. బ్యాంకులు లోన్ ఎంత ఇవ్వొచ్చన్నదానికి ఆర్‌బీఐ పరిమితి ఉంది. 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం, ఆపైన 75 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చుని మామూలుగా ఈ విలువలో కలపరు.

ఇక్కడే డల్ మార్కెట్‌లో ఒక మంచి అవకాశం ఉంది. కట్టడం పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాట్‌కి జీఎస్టీ లేదు. బూమ్ టైంలో ఓసీ వచ్చేసరికి మంచి ఫ్లాట్లు మిగిలేవి కావు. ఇప్పుడు మిగులుతున్నాయి. బిల్డర్ 5 శాతం డిస్కౌంట్ ఇచ్చే కడుతున్న ఫ్లాట్, డిస్కౌంట్ ఇవ్వని రెడీ ఫ్లాట్.. మీ జేబు లెక్కలో దాదాపు ఒకటే. పైగా రెండో దాంట్లో గోడ ముట్టుకుని చూడొచ్చు, ట్యాప్ తిప్పి చూడొచ్చు.

ఇక ఈఎంఐ. 60 లక్షలకు 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అయితే నెలకి దాదాపు 52 వేలు. మొత్తం కట్టేది కోటీ 25 లక్షలు, అందులో వడ్డీయే 65 లక్షలు. అదే 7.5 శాతం అయితే ఈఎంఐ 48,300 దగ్గర ఉంటుంది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య ఆర్‌బీఐ రెపో రేటుని 6.5 నుంచి 5.5 శాతానికి తగ్గించింది. రెపోకి లింక్ అయిన ఫ్లోటింగ్ లోన్లకి ఆ తగ్గింపు రావాలి. కానీ రేటు తగ్గినప్పుడు బ్యాంకులు చాలాసార్లు ఈఎంఐని అలాగే ఉంచి నెలలు తగ్గిస్తాయి. నెలవారీ భారం తగ్గాలంటే మీరే అడగాలి. తగ్గిన రేటు మళ్లీ పెరగొచ్చు కూడా. జీతంలో ఈఎంఐ ఎంత అంటే.. 52 వేలు కష్టంగా ఉంటే 48 వేలు కూడా కష్టమే. ఆ ఇల్లు మీకు ఎక్కువ అన్నట్టు.

తగ్గించమని రేటు ఒక్కటే అడగకండి

బిల్డర్లు బోర్డు మీద ఉన్న ఎస్‌ఎఫ్‌టీ రేటు తగ్గించడానికి అస్సలు ఒప్పుకోరు. ఎందుకంటే నిన్న కొన్నవాళ్లు గొడవ చేస్తారు. అదే లోపల ఉన్న చార్జీల దగ్గర మాత్రం చెయ్యి సడలిస్తారు. పై అంతస్తుకి ఫ్లోర్ రైజ్, పార్క్ ఫేసింగ్ చార్జీ, క్లబ్ హౌస్, కార్పస్ ఫండ్, రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్స్, కార్ పార్కింగ్.. ఇవన్నీ కాగితం మీద రాయించుకుని ఒక్కోటీ కొట్టేయించండి. పార్కింగ్ సంగతికొస్తే, ఓపెన్ పార్కింగ్, స్టిల్ట్ పార్కింగ్‌ని విడిగా ఫ్లాట్‌లా అమ్మడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అయినా ప్రైస్ షీట్‌లో ఆ లైన్ ఇప్పటికీ కనిపిస్తుంది.

మాటల్లో ఇచ్చిన డిస్కౌంట్, 'వుడ్‌వర్క్ ఫ్రీ' లాంటివి అగ్రిమెంట్‌లోకి రాకపోతే లేనట్టే. సేల్స్ కుర్రాడు మంచివాడే కావచ్చు, కానీ ఆర్నెల్ల తర్వాత అతను ఆ కంపెనీలో ఉండకపోవచ్చు.

రీసేల్‌లో బేరం ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే అక్కడ అమ్మేది అవసరం ఉన్న మనిషి. అయితే పాత అపార్ట్‌మెంట్‌లో స్థలం వాటా ఎన్ని గజాలో తప్పకుండా అడగండి. యూడీఎస్ అంటారు కదా, అదే. మూడంతస్తుల పాత బిల్డింగ్‌లో 60 గజాల వాటా ఉన్న ఫ్లాట్, ముప్ఫై అంతస్తుల టవర్‌లో 25 గజాలున్న ఫ్లాట్.. రేటు ఒకటే అయినా పాతికేళ్ల తర్వాత రెండింటి విలువ ఒకటి కాదు. ఎస్‌ఎఫ్‌టీ దగ్గర కూడా కార్పెట్ ఏరియా ఎంతో చెప్పమనండి. మీరు చాప వేసుకుని పడుకోగలిగే చోటు అది. రెరా చట్టం ప్రకారం అమ్మకం దాని లెక్కనే జరగాలి. మిగతాది లిఫ్ట్‌లూ, కారిడార్లూ.

'ఇప్పుడు 10 శాతం కట్టండి, మిగతాది తర్వాత'

మార్కెట్ స్లో అయినప్పుడల్లా బయటికొచ్చే ఆఫర్లు ఇవి. రెండు రకాలున్నాయి.

మొదటిది సబ్‌వెన్షన్. మీ పేరు మీద లోన్ తీస్తారు, డబ్బు బిల్డర్‌కి వెళ్తుంది, హ్యాండోవర్ దాకా ఈఎంఐ బిల్డర్ కడతానంటాడు. కట్టినంతకాలం అంతా బాగుంటుంది. అతను ఆపేసిన రోజు బ్యాంకు ఫోన్ చేసేది మీకే, సిబిల్ స్కోర్ పడేది మీదే. 2019లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ ఇలాంటి స్కీములకి దూరంగా ఉండమని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి చెప్పింది. ఢిల్లీ చుట్టుపక్కల వేలాదిమంది ఇలా ఇరుక్కుంటే 2025లో సుప్రీంకోర్టు బిల్డర్లు, బ్యాంకుల లింకు తేల్చమని సీబీఐకి అప్పగించింది.

రెండోది మన దగ్గర బాగా ఫేమస్, ప్రీ లాంచ్. "పర్మిషన్ ఇంకా రాలేదు కాబట్టే సగం రేటు, వంద శాతం ఒకేసారి కట్టేయండి" అంటారు. రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం చట్టప్రకారం తప్పు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం కానీ, 8 దాటిన ఫ్లాట్లు కానీ ఉంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మార్కెట్ బాగున్నప్పుడు కొత్తగా కొనేవాళ్ల డబ్బుతో పాత కొనుగోలుదారుల ఇల్లు ఎలాగోలా లేస్తుంది. డల్ మార్కెట్‌లో కొత్తవాళ్లే రారు. అందుకే సగం రేటు ఆఫర్ ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదం.

రెరా నంబర్ ఉంటే మీకు దక్కేవి తక్కువేం కాదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా మీ దగ్గర 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్లు కట్టిన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉండాలి. టైమ్‌కి ఇవ్వకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు. ఇల్లు అప్పగించాక ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే ఉచితంగా బాగుచేయాలి. తెలంగాణకి, ఏపీకి వేరువేరు రెరా వెబ్‌సైట్లున్నాయి. నంబర్ కొట్టి, పూర్తి చేయాల్సిన తేదీ చూసి, ఆ తేదీని ఎన్నిసార్లు పొడిగించారో కూడా చూడండి.

చెరువు ఎక్కడుందో చూశారా?

2024 ఆగస్టు 24న మాదాపూర్‌లో తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్‌ని హైడ్రా కూల్చేసిన రోజు గుర్తుందా? ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు ఆ తర్వాతే ఇళ్లల్లోకి వచ్చాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండా నీళ్లుంటే నీటి అంచు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీత. పదెకరాలు కాదు, పది హెక్టార్లు.. అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకంటే పెద్ద చెరువైతే ఆ గీత దాటి 30 మీటర్లు, చిన్న చెరువులూ కుంటలకి 9 మీటర్లు ఏమీ కట్టకూడదు.

"మాకు పర్మిషన్ ఉంది, బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది సార్" అని కెమెరా ముందు ఏడ్చినవాళ్లని ఆ రోజుల్లో మేం చూశాం. లోన్ వచ్చింది కాబట్టి అంతా క్లియర్ అనుకోవద్దు. బ్యాంకు లాయర్ బ్యాంకు కోసం చూస్తాడు. మీ కోసం ఒక లాయర్‌ని పెట్టుకోండి, 80 లక్షల ఇంటి ముందు ఆ ఫీజు ఎంత? హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులున్నాయి, సర్వే నంబర్‌తో పోల్చి చూడండి. ఇంకో మాట, సైట్‌ని మార్చిలో కాదు, ఆగస్టులో గట్టి వాన పడ్డ మర్నాడు చూడండి.

ఈసీ కనీసం 30 ఏళ్లకి తీయించండి. సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. తెలంగాణలో వ్యవసాయ భూమి రికార్డులు 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతిలోకి వచ్చాయి. ఏపీలో అయితే మీ భూమి పోర్టల్.

ఇక ఫామ్ ప్లాట్. మా మామయ్య కథ వినండి

లాక్‌డౌన్ అయిపోయిన కొత్తల్లో, 2021లో, మా మామయ్య సంగారెడ్డి దాటాక ఐదు గుంటలు కొన్నాడు. గుంట అంటే 121 గజాలు, మొత్తం 605 గజాలు. రిటైర్ అవగానే వచ్చిన డబ్బులో పెద్ద వాటా దానికే పోయింది. బ్రోచర్‌లో మామిడి చెట్లు, ఊయల, చెక్క కాటేజీ. 'కంపెనీయే మొక్కలు చూసుకుంటుంది, మీరు వీకెండ్ వచ్చి రిలాక్స్ అవ్వండి'. పాస్‌బుక్ కూడా చేతికొచ్చింది. మొదటి సంక్రాంతికి అందరం వెళ్లాం, పొయ్యి పెట్టి నాటుకోడి వండుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ రోజు చాలా బాగుంది.

రెండో ఏడాది మూడుసార్లు వెళ్లాం. మూడో ఏడాది ఒక్కసారి. మొక్కలు సగం ఎండిపోయాయి, బోరు ఉమ్మడిది కాబట్టి నీళ్లు చివరి వరసకి రావు. చిన్న గది కట్టుకుందామని మామయ్య పంచాయతీకి వెళ్తే కార్యదర్శి అడిగిన మొదటి ప్రశ్న, "లేఅవుట్ అప్రూవల్ ఏది సార్?" అని. అది లేదు. అది వ్యవసాయ భూమి మాత్రమే.

ఇప్పుడు మరదలి పెళ్లి కుదిరింది. అమ్ముదామంటే కంపెనీవాళ్లు "రీసేల్ టీమ్‌కి చెబుతాం" అంటారు. అదే వెంచర్‌లో వాళ్ల దగ్గరే ఇంకా అమ్ముడుపోని ప్లాట్లు ఉంటే మామయ్యది ఎందుకు అమ్మిపెడతారు? మొన్న ఫోన్‌లో "కొన్న రేటు వచ్చినా చాలు, ఎవరైనా ఉంటే చూడమ్మా" అన్నాడు. "చూస్తా మామయ్యా" అన్నాను. నాకు తెలిసినవాళ్లకి అది అంటగట్టడానికి మనసు రాదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

డల్ మార్కెట్‌లో మొదట ఆగిపోయేది ఇలాంటి ఆస్తే. ఉండే ఇంటికి ఎప్పుడూ ఎవరో ఒకరు కావాలి, కనీసం అద్దెకైనా. వీకెండ్ ప్లాట్ ఎవరికీ అత్యవసరం కాదు. అందుకే రేటు సగానికి పడినట్టు కనిపించినా, అది చవక అని అప్పుడే అనుకోవద్దు. అమ్మబోయే రోజు మీకూ కొనేవాడు దొరకడు.

చట్టం సంగతి కూడా స్పష్టంగానే ఉంది. తెలంగాణలో అనుమతి లేకుండా వ్యవసాయ భూమిని 2,000 చదరపు మీటర్ల కంటే, అంటే సుమారు 20 గుంటల కంటే చిన్న ముక్కలు చేసి ఫామ్ ప్లాట్లుగా అమ్మడం కుదరదని టౌన్ ప్లానింగ్ అధికారులే హెచ్చరించారు. "వ్యవసాయ భూమికి రెరా అక్కర్లేదు సార్" అని ఏజెంట్ అంటే ఆ మాట వెనక ఉన్నది ఇదే. ఇళ్ల కోసం అమ్ముతున్నాడంటే లేఅవుట్ ఉండాలి, రెరా ఉండాలి. వ్యవసాయం కోసం అంటే అక్కడ మీరు ఇల్లు ఊహించుకోకూడదు. హోమ్ లోన్ కూడా మామూలుగా రాదు, చేతి డబ్బే పెట్టాలి.

మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు వెళ్తే ఇంకో పేరు వినిపిస్తుంది, ట్రిపుల్ వన్. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణ కోసం 1996లో వచ్చిన జీవో 111 పరిధిలో 84 గ్రామాలున్నాయి. 2022లో జీవో 69 వచ్చింది, తర్వాత క్యాబినెట్ నిర్ణయాలూ వచ్చాయి. "111 ఎత్తేశారు, ఇంకేం భయం లేదు" అనేవాళ్లని ఒక్కటే అడగండి: "ఈ సర్వే నంబర్‌లో ఇల్లు కట్టుకోవడానికి శాంక్షన్ అయిన ప్లాన్ ఒక్కటి చూపించండి."

అన్నీ సరిగ్గా ఉన్న వీకెండ్ ఇల్లు కూడా ఊరికే ఉండదు. కాపలా మనిషి జీతం, కరెంటు బిల్లు, మోటార్ రిపేర్, ఫెన్సింగ్, గడ్డి కోయించడం. నెలకి 15 వేలు అవుతుంది అనుకుందాం, ఏడాదికి లక్షా 80 వేలు. మీరు పన్నెండుసార్లు వెళ్తే ఒక్కో ట్రిప్‌కి 15 వేలు, అదీ కొన్న డబ్బు వడ్డీ కలపకుండా. అదే డబ్బుకి వికారాబాద్ అనంతగిరి దగ్గర మంచి రిసార్ట్ దొరుకుతుంది, గడ్డి వాళ్లే కోసుకుంటారు. పన్ను విషయంలో ఒక చిన్న ఊరట ఉంది. సొంతానికి వాడుకునే రెండు ఇళ్ల దాకా ఊహించిన అద్దె మీద పన్ను వేయరు. అయితే కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అలాంటి ఇళ్ల లోన్ వడ్డీ మీద మినహాయింపు ఉండదు.

అరకులో కాటేజీ స్థలం? ఆగండి

చలికాలం రాగానే అరకు, లంబసింగి రీల్స్ కింద 'వ్యూ పాయింట్ దగ్గర స్థలం ఉంది, డీఎం చేయండి' అనే కామెంట్లు కనిపిస్తాయి. ఇవి షెడ్యూల్డ్ ఏరియాలు. 1 ఆఫ్ 70 చట్టం ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. గిరిజనుడి దగ్గర మాత్రమే కాదు, అక్కడే ఉన్న గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. "లోకల్ పేరు మీద పెట్టుకుందాం", "అగ్రిమెంట్ రాసుకుందాం", "99 ఏళ్ల లీజు" అన్నీ ఇదే గోతిలోకి దారులు. డబ్బు పోతే కోర్టులో నిలబడి అడిగే హక్కు కూడా ఉండదు. తెలంగాణలో ఏటూరునాగారం, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీలకీ ఇదే వర్తిస్తుంది. ఆ భూమి అక్కడివాళ్ల చేతిలో మిగలాలనే కదా ఆ చట్టం తెచ్చింది. మన వీకెండ్ కోసం దాన్ని పక్కదారి పట్టించడం చట్టం సంగతి అటుంచితే, న్యాయం కూడా కాదు.

భీమిలి వైపు బీచ్ వ్యూ ప్లాట్ అంటే సీఆర్‌జెడ్ అడగండి. సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీరప్రాంత నియమాలు ఉంటాయి, అందులో కొంత మేర అసలు కట్టడాలే ఉండవు. అలలు దగ్గరగా కనిపిస్తున్న కొద్దీ కాగితాలు ఎక్కువ చూడాలి.

అమెరికాలో ఉండి చూస్తున్నవాళ్లకి

డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి మా వీడియోల కింద అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎన్నారైలు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇక్కడ ఫ్లాట్ కొనొచ్చు, ఇళ్ల స్థలం కొనొచ్చు, ఎన్నయినా కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్ హౌస్ మాత్రం కొనకూడదు. ఫెమా నియమం అది. తాతల నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అంటే అక్కడ వీకెండ్ మీటింగులు పెట్టి మరీ అమ్మే 'మేనేజ్డ్ ఫామ్‌ల్యాండ్' చాలావరకు మీ పేరు మీద రిజిస్టర్ కావాల్సింది కాదు. ఆ మాట మీటింగ్‌లో ఎంతమంది చెబుతారు?

ఎన్నాళ్లు ఆగగలరు?

తెలుగువాళ్లందరికీ తెలిసిన డల్ మార్కెట్ అమరావతిది. 2015 నుంచి తుళ్లూరు చుట్టుపక్కల ప్లాట్ల కోసం పోటీలు పడ్డారు. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రకటన రాగానే కొనేవాళ్లు మాయమయ్యారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక వచ్చింది. మధ్యలో నాలుగున్నరేళ్లు. సొంత డబ్బుతో కొన్నవాళ్లు ఆగగలిగారు. వడ్డీకి తెచ్చి కొన్నవాళ్లలో చాలామంది నష్టానికి అమ్ముకుని బయటపడ్డారు. ప్లాట్లు అవే, ఊరు అదే.

మీరు కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క ఇదొక్కటే. ఐదేళ్లు రేటు పైసా పెరగకపోయినా, మధ్యలో ఆర్నెల్లు ఉద్యోగం లేకపోయినా ఈఎంఐ కట్టగలరా? ఐటీ కారిడార్‌లో ఫ్లాట్లు కొనేవాళ్లలో చాలామందికి జీతం వచ్చేది కూడా ఐటీ నుంచే. లేఆఫ్‌లు పెరిగితే జీతమూ ఆగుతుంది, ఫ్లాట్ కొనేవాళ్లూ ఆగిపోతారు, రెండూ ఒకేసారి. అందుకే కనీసం ఆరు ఈఎంఐలు పక్కన పెట్టాకే అడ్వాన్స్ ఇవ్వండి.

టోకెన్ ఇచ్చే రోజు

టోకెన్ అమౌంట్ చెక్కు ద్వారానో, ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి. స్థలం, ఇల్లు అమ్మకంలో 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాళ్ల మీద అంతే మొత్తం జరిమానా పడొచ్చు. 'కొంత బ్లాక్‌లో ఇవ్వండి' అంటే గుర్తుంచుకోండి, రేపు డీల్ ఆగిపోతే ఆ డబ్బుకి సాక్ష్యం ఉండదు. ఆస్తి విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకి ఇచ్చే దాంట్లో 1 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాల్సింది మీరే. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే ఆ లెక్క వేరు, చాలా ఎక్కువ పట్టుకోవాలి, ఆడిటర్‌ని అడగకుండా డబ్బు పంపకండి.

రసీదు మీద రెండు లైన్లు రాయించుకోండి. 'లీగల్ ఒపీనియన్ సరిగ్గా రాకపోతే టోకెన్ పూర్తిగా వాపస్', 'బ్యాంకు లోన్ రిజెక్ట్ అయితే టోకెన్ పూర్తిగా వాపస్'. ఎన్ని రోజుల్లో వాపస్ అన్నది కూడా. మూడేళ్ల కిందట ఈ లైన్లు అడిగితే నవ్వి పంపించేసేవాళ్లు. ఇప్పుడు రాసిస్తున్నారు. రాయను అంటే ఆ క్యాబ్‌లోనే వెనక్కి వచ్చేయండి, ఎలాగూ ఫ్రీయే కదా.